ఎండ ఉండగానే...

కరెంటుకి కూడా వేళాపాళా ఉంటుందని ఎవరైనా చెబితే మీరు నవ్వుతారా, నవ్వరా? పాలవాడు పోసే పాలల్లో పొద్దుటివి చిక్కన, సాయంత్రానివి పల్చన అంటే మనం నమ్ముతాం. బజార్లో పొద్దున్న వంకాయ వేరు, చీకటిపడ్డాక వంకాయ వేరు అంటే ఒప్పుకుంటాం. కాని గోడలోంచి వచ్చే కరెంటు! అదే తీగ, అదే స్విచ్చి, అదే ఫ్యాను. దానికి పగలేమిటి, రాత్రేమిటి?

తేడా ఉందిట. బిల్లులోనూ ఉందిట, పొగలోనూ ఉందిట. ఈ సంగతి నాకు తెలిసింది ఏ సభలోనో, ఏ పుస్తకంలోనో కాదు. మా వంటింట్లో పీట మీద కూచుని పెసరట్లు తింటూ మా మేనల్లుడు చెప్పాడు. మేనల్లుడంటే మావారి అక్కగారబ్బాయి. విజయవాడలో కరెంటు పంపకం చూసే కేంద్రంలో ఉద్యోగం. ఏం చేస్తావురా అక్కడ అంటే, "రేపు రాష్ట్రం మొత్తానికి ఏ పావుగంటకి ఎంత కరెంటు కావాలో ఇవాళే లెక్క వేస్తాం అత్తయ్యా" అన్నాడు. రోజుని పావుగంట చొప్పున 96 ముక్కలు చేస్తారుట. ఒక్కొక్క ముక్కకి ఎంత కావాలి, ఏ కేంద్రం ఎంత ఇవ్వాలి అని ముందురోజే పట్టిక రాసి పెడతారుట. రేపటి కూరేమిటో రేపు చూసుకుందాంలే అని పడుకునే నాకు ఇది వినగానే కళ్ళు తిరిగాయి.

"అంత కంగారెందుకు? కాస్త ఎక్కువే తయారుచేసి పక్కన పెట్టుకోవచ్చుగా, పప్పు మిగిలితే సాయంత్రం చారు పెట్టుకున్నట్టు?" అన్నాను.

అదే కుదరదుట. కరెంటు పుట్టిన క్షణంలోనే ఖర్చు కావాలి. పుట్టేదీ, వాడేదీ ప్రతి క్షణం సమంగా ఉండాలి. కావడి మోసేవాణ్ణి చూశారా? రెండు బిందెలూ సమంగా ఉంటేనే అడుగు పడుతుంది. ఈ కావడి సమంగా ఉందో లేదో చెప్పే అంకె ఒకటుంది: 50. సెకనుకి 50 సార్లు ఊగాలి మన దేశపు కరెంటు. వాడకం ఎక్కువైతే ఆ అంకె తగ్గుతుంది, వాడకం తగ్గితే పెరుగుతుంది. వాళ్ళు కూచునే గదిలో గోడమీద ఎర్రగా కనిపించేది ఆ అంకేట. మనం స్టవ్వు మీద పాలు పెట్టి పక్కనే నిలబడ్డట్టు వాళ్ళు దాన్ని చూస్తూ కూచుంటారు.

2020 ఏప్రిల్ 5 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కరోనా రోజులు. రాత్రి 9 గంటలకి తొమ్మిది నిమిషాలు దేశమంతా దీపాలార్పి ప్రమిదలు వెలిగించాం. మనకది గుమ్మంలో ప్రమిదె. వీళ్ళకది పెద్ద పరీక్ష. 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్క వేసుకుంటే, 31 వేల మెగావాట్లు తగ్గిపోయిందిట! కావడిలో ఒక బిందె ఒక్కసారి ఖాళీ అయినట్టే కదా. అయినా ఎక్కడా కరెంటు పోలేదు. ముందే సిద్ధంగా ఉంచిన జలవిద్యుత్తుని గబగబా తగ్గించి, తొమ్మిది నిమిషాలు కాగానే మళ్ళీ గబగబా పెంచారు. నీటి యంత్రం చెప్పినమాట వింటుంది. తలుపు మూస్తే ఆగుతుంది, తెరిస్తే తిరుగుతుంది. బొగ్గుది అలా కాదు.

బొగ్గు సంగతి వాడు ఎంత చెప్పినా ఎక్కలేదు గాని, మా అమ్మమ్మ కుంపటి గుర్తు రాగానే అంతా అర్థమైపోయింది. మీలో నా ఈడువాళ్ళు కుంపటి ఎరుగుదురు. విసిరి విసిరి రాజేసేసరికి అరగంట. రాజుకున్నాక ఇక ఆర్పడానికి లేదు. అందుకని అమ్మమ్మ పనులన్నీ నిప్పుకి తగ్గట్టు పేర్చుకునేది. నిప్పు కణకణలాడుతున్నప్పుడు ఎసరు, ఆ తరవాత పప్పు, సెగ తగ్గాక వంకాయ కాల్చడం, చివరికి నివురుగప్పిన నిప్పుమీద కాఫీకి నీళ్ళు. ఇక పెరట్లో దాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. పిడకల మీద పాలకుండ పెట్టి వదిలేస్తే పొద్దంతా కాగి సాయంత్రానికి మీగడ ఎర్రగా అట్టు కట్టేది. నిప్పు ఆవిడకోసం మారేది కాదు. ఆవిడే పనిని నిప్పుకోసం మార్చుకునేది.

బొగ్గు విద్యుత్కేంద్రం ఆ కుంపటే. మన దేశపు నియమాల ప్రకారం దాన్ని తగ్గించినా 55 శాతం దాకానే తగ్గించగలరు. అంతకంటె తగ్గిస్తే మంట నిలకడగా ఉండదు. పూర్తిగా ఆర్పి చల్లారిపోయాక మళ్ళీ రాజెయ్యాలంటే గంటలు గంటలు పడుతుంది. ఇంకోపక్క చూస్తే సూర్యుడు. మన కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు ఉంది, 2017లో పూర్తయింది. దేశం మొత్తం మీద సౌర విద్యుత్తు 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఈ పలకలన్నీ కలిసి కరెంటు కుమ్మరిస్తాయి. సాయంత్రం ఆరయ్యేసరికి ఒక్క యూనిట్టు ఉండదు. సరిగ్గా అప్పుడే మనం ఇంటికొచ్చి లైటూ, ఫ్యానూ, ఏసీ, మిక్సీ, టీవీ అన్నీ వేస్తాం. పన్నెండింటికి విందు భోజనాలు వడ్డించి, అతిథులు మాత్రం ఏడింటికి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇందులో తమాషా ఏమిటంటే, మధ్యాహ్నం ఎండ కరెంటు పొంగిపోతున్నా సాయంత్రం అవసరం కోసం బొగ్గు కుంపటిని సగానికి పైగా మండిస్తూనే ఉండాలి. అందుచేత ఒక్కోచోట ఎండ కరెంటునే వద్దనాల్సి వస్తోంది.  పైసా ఖర్చులేని, పొగలేని కరెంటుని పారబోసి, బొగ్గుని మండించడం! మా అమ్మమ్మ వింటే "ఎవర్రా ఈ ఇల్లాలు?" అని అడిగేది.

మన దేశంలో సగటున ఒక యూనిట్టు కరెంటు వెనక సుమారు 700 గ్రాముల కర్బన వాయువు గాలిలో కలుస్తుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఒక్క బొగ్గు కరెంటు మాత్రమే తీసుకుంటే దాదాపు కిలో. ఒక కిలో వాయువంటే ఎంతో నాకు ఊహకి అందదు గాని, మా ఇంటికి నెలకి 200 యూనిట్లు. ఆ లెక్కన బస్తా బియ్యం అయిదారుంటే ఎంత బరువో అంత పొగ ప్రతి నెలా మా పేరున పైకి పోతోందన్నమాట.

సరే, ఇందులో ఫ్యాక్టరీల సంగతి ఎక్కడొచ్చింది అంటారా? అక్కడికే వస్తున్నాను.

అతిథుల వేళ మార్చలేం. కాని పనుల వేళ మార్చొచ్చుగా? ఇళ్ళల్లో మార్చగలిగింది కొద్దిగానే. ఫ్యాక్టరీల్లో అయితే ఒక్కరు మారినా వెయ్యి ఇళ్ళ పెట్టు. సిమెంటు ఫ్యాక్టరీ ఉందనుకోండి, జగ్గయ్యపేట వైపో తాడిపత్రి వైపో. అందులో సున్నపురాయిని కాల్చే కొలిమిని ఆపకూడదు. రాత్రీ పగలూ మండాల్సిందే. కాని కాలిన ముద్దల్ని పొడిచేసే మరలు అలా కాదు. ముద్దలు గోదాంలో పడి ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు దంచుకోవచ్చు. పొయ్యిమీది అన్నాన్ని మధ్యలో దింపలేం గాని, ఇడ్లీపిండి ఎప్పుడు రుబ్బితేనేం? అంతే తేడా. అలాగే అల్యూమినియం కరిగించే చోట కరెంటు కాస్త తగ్గించొచ్చు, కాస్త పెంచొచ్చు. పూర్తిగా నాలుగైదు గంటలు పోయిందా, తొట్లలో లోహం గడ్డకట్టి కోట్ల నష్టం. అయినా జర్మనీలో ఎస్సెన్ అనే ఊళ్ళో ఒక అల్యూమినియం ఫ్యాక్టరీ తొట్లకి వేడిని అదుపుచేసే ఏర్పాట్లు పెట్టుకుని, గాలీ ఎండా ఎక్కువున్నప్పుడు కరెంటు ఎక్కువ, లేనప్పుడు తక్కువ తీసుకునేట్టు మార్చుకుంది. ఇచ్చిపుచ్చుకోవడమన్నమాట.

ఇంత పెద్దవాటి సంగతి మనకెందుకు? మా వదినగారి ఐసు ఫ్యాక్టరీ సంగతి చెబుతాను.

ఆకివీడు పక్కన మా వదినగారికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. అన్నయ్యగారు పోయాక అమ్మేస్తుందనే అందరూ అనుకున్నారు. కర్మ అయిన పదమూడోనాడు ఆవిడ వెళ్ళి ఆయన కుర్చీలో కూచుంది. ఇప్పటికీ ఆ కుర్చీ దిగలేదు. ఆ చుట్టుపక్కలంతా చేపల చెరువులు. శీలావతి, బొచ్చె. తెల్లవారకుండానే పట్టుబడి, పొద్దున్న తొమ్మిదికల్లా ట్రేలలో చేపొక వరస, ఐసొక వరస పేర్చి లారీ ఎక్కిస్తారు. బెంగాలుకీ అస్సాముకీ వెళ్ళాలి. దారిలో ఐసు తక్కువైతే లారీ మొత్తం కంపు. అంచేత ఐసు ఉంటే వ్యాపారం, లేకపోతే లేదు.

ఐసు ఎలా చేస్తారో నేను కళ్ళారా చూశాను. పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్ళు. ఉప్పునీరు సున్నా దాటి కిందికి పోయినా గడ్డకట్టదు. అమ్మోనియా గొట్టాలు దాన్ని పది డిగ్రీల కిందికి చల్లబరుస్తాయి. అందులో మంచినీళ్ళ డబ్బాలు వరసగా దింపుతారు. రోజుకి పైగా ఉంచితే నిలువెత్తు దిమ్మలౌతాయి. ఇదంతా నడిపేది ఒక్క కంప్రెసరు మోటారు. ఖర్చులన్నిట్లోకీ పెద్దది కరెంటు బిల్లే. వాళ్ళ పాత మరకి టన్ను ఐసుకి 65 యూనిట్ల దాకా పడుతుంది.

"అమ్మా, నీ ఫ్యాక్టరీ ఒక బ్యాటరీ, తెలుసా?" అన్నాడు మా మేనల్లుడు ఒకనాడు.

"ఒరేయ్, అది మీ నాన్న పెట్టిన ఫ్యాక్టరీ. బ్యాటరీలు అమ్ముకునేవాళ్ళు వేరే ఉన్నారు" అంది ఆవిడ.

వాడి లెక్కేమిటంటే, ఆ తొట్టెడు ఉప్పునీళ్ళు ఒకసారి చల్లబడితే నాలుగ్గంటలు మోటారు ఆపినా చలవ పోదు. దిమ్మలు ఊకలో కప్పిపెడితే రేపటికీ ఉంటాయి. అంచేత ఎండున్న వేళ మోటారు గట్టిగా తిప్పి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆపేస్తే ఐసూ తగ్గదు, బొగ్గు కుంపటి మీదా భారం తగ్గుతుంది. కరెంటుని దాచలేం గాని చలవని దాచొచ్చు కదా, అని.

పొగ తగ్గుతుందంటే మా వదినగారు కదిలేది కాదు. బిల్లు తగ్గుతుందన్నాక చెవి ఇటు తిప్పింది. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. పగలు సౌర గంటలు ఎనిమిదింటికి మామూలు ధరకంటె కనీసం 20 శాతం తక్కువ, రద్దీ గంటలకి ఫ్యాక్టరీలకీ దుకాణాలకీ కనీసం 20 శాతం ఎక్కువ. పది కిలోవాట్లు దాటిన వ్యాపారాలకి 2024 ఏప్రిల్ నుంచీ, వ్యవసాయం తప్ప తక్కినవాళ్ళకి 2025 ఏప్రిల్ నుంచీ అని గడువులు పెట్టారు. ఏ గంట సౌర గంట, ఏది రద్దీ గంట అన్నది ఏ రాష్ట్రపు కమిషను ఆ రాష్ట్రంలో తేలుస్తుంది. మన ఇళ్ళకైతే స్మార్టు మీటరు బిగించాకే సుమా.

ఇంక చూడండి, తల్లీకొడుకులు కాయితం పెన్సిలు పట్టుకుని కూచున్నారు. రోజుకి 30 టన్నులు, 1,950 యూనిట్లు. రాత్రీపగలూ సమంగా తిరిగితే సాయంత్రం నాలుగ్గంటల వాటా 325 యూనిట్లు. లెక్క కోసం యూనిట్టు ఆరు రూపాయలనుకుందాం. రద్దీలో 7 రూపాయల 20 పైసలు, పగలు 4 రూపాయల 80. తేడా 2 రూపాయల 40. ఆ 325 యూనిట్లూ పగటికి జరిపితే రోజుకి 780, నెలకి 23,400.

"ఇరవై మూడు వేలా!" అన్నాను నేను.

మా వదినగారు నావైపు చూసి, "అమ్మాయ్, కాయితం మీద అందరికీ లాభాలే. ఆగు" అంది. ఆ తరవాత ఆవిడ అడిగిన ప్రశ్నలు విన్నాక, వాడి చదువుకంటె ఈవిడ అనుభవానిదే పైచెయ్యి అనిపించింది.

మొదటిది. మోటారు ఇప్పటికే రోజంతా తిరుగుతోంది. సాయంత్రం ఆపిన నాలుగ్గంటల పని పగలు చెయ్యాలంటే పగలు రెండో మోటారు కావాలి. పాతది ఒకటి మూల ఉంది గనక సరిపోయింది. లేనివాడేం చేస్తాడు? మార్చుకునే వెసులుబాటు కావాలంటే ముందు ఖాళీ ఉండాలిగా. చేపల పట్టుబడి ముమ్మరంగా ఉన్న నెలల్లో రెండూ రాత్రీపగలూ తిరిగినా చాలవు, అప్పుడు ఏ బేరమూ లేదు.

రెండోది. మిట్టమధ్యాహ్నం ఐసు చెయ్యడమంటే ఎండాకాలంలో కంచెమీద ఆరేసిన చీరని తడిపినట్టు. బయట వేడి ఎక్కువైతే అమ్మోనియా తన వేడిని వదల్లేదు, మోటారు ఇంకా కష్టపడుతుంది, అదే టన్నుకి యూనిట్లు ఎక్కువ తింటుంది. రాత్రి చల్లటి వేళ చేసిన ఐసే చవక. అంచేత 23 వేలల్లో కొంత ఎండే తినేస్తుంది. మావాడు దీనికి నోరు తెరవలేదు. తరవాత లెక్క సరిచేసి 17 వేలకి దిగాడు.

మూడోది ఆవిడ అడగలేదు, ఆపరేటరు అడిగాడు. రాత్రి డ్యూటీకి భత్యం ఉంది అతనికి. సాయంత్రం నాలుగ్గంటలు ఫ్యాక్టరీ ఆగితే డ్యూటీలు మారతాయి, పగలొచ్చి పనిచేస్తే ఆ భత్యం పోతుంది. అతని భార్య చెరువుగట్టున ట్రేలు కడిగే పనికి వెళ్తుంది. ఇద్దరి సంపాదనలోంచే కూతురి నర్సింగు కాలేజీ ఫీజు. "కరెంటు మిగిలితే మీకు, భత్యం పోతే మాకా అమ్మా?" అన్నాట్ట. మర్యాదగానే అన్నాడు. ఆ మాటకి జవాబు చెప్పకుండా ఆ రోజు కాయితం మడిచి సొరుగులో పెట్టేసింది మా వదినగారు. మూడు నెలలు బయటికి తియ్యలేదు.

నాలుగోది చెరువులు. అదే ఊళ్ళో, అదే తీగమీద, ఐసు ఫ్యాక్టరీ పక్కనే రొయ్యల చెరువులున్నాయి. వాటిలో చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి, చూసే ఉంటారు. నీళ్ళల్లో ఆకుపచ్చ నాచు పగలు ఎండకి ప్రాణవాయువు తయారుచేస్తుంది, రాత్రి తనే పీల్చేసుకుంటుంది. తెల్లవారుజామున రొయ్యలకి ఊపిరాడదు. అందుకని ఆ చక్రాలు రాత్రే తిరగాలి. "మీరు పగలు తిప్పుకోండి, చవక" అని రొయ్యలతో ఎవరు చెబుతారు? రైతు ఒక్క రాత్రి ఆపితే పంట పోయినట్టే. అంచేత ఐసు ఆగగలదు, రొయ్య ఆగలేదు. ఎవరు ఆగగలరో వాళ్ళు ఆగితేనే, ఆగలేనివాళ్ళకి సాయంత్రం వేళ ఇంత కరెంటు మిగిలేది. ఈ మాట వాడు చెప్పాక మా వదినగారు కాసేపు మాట్లాడలేదు. ఆ రొయ్యల రైతుల్లో ఆవిడ పెత్తండ్రి మనవలు ఇద్దరున్నారు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, బలవంతంగా మనం ఎప్పుడో చేశాం అంటుంది ఆవిడ. నిజమే. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకి వారానికి మూడేసి రోజులు పవర్ హాలిడే ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ రెండు వారాలపాటు వారానికో రోజు సెలవు, ఆగకుండా నడిచే ఫ్యాక్టరీలైతే సగం కరెంటుతోనే నడుపుకోవాలి అన్నారు. దాని పేరు హాలిడే! పేరు పెట్టినవాడికి హాస్యం బాగా తెలుసు. చెప్పి ఆపడానికీ, అడిగి ఆపమనడానికీ మధ్య ఎంత దూరముందో చూడండి. మొదటిదాంట్లో నష్టం మనది. రెండోదాంట్లో ఆగినందుకు ధర కడతారు.

ఇది వింటూ నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆగినందుకు ధర కడతారా? మా ఇంట్లో మావారి కాఫీ ఆరింటికి, మారదు. మామగారి మందు ఎనిమిదింటికి, మారదు. పిల్లల బస్సు ఏడుంబావుకి, అసలు మారదు. పనిమనిషి వేళ దేవుడికి కూడా తెలియదు. వీటన్నిటి మధ్యా ముందుకీ వెనక్కీ జరిగేది ఎవరండీ? స్నానం పదింటికైనా చెయ్యొచ్చు, టిఫిను పదకొండింటికైనా తినొచ్చు, జ్వరం ఆదివారానికి వాయిదా వెయ్యొచ్చు! ఇంటికి సర్దుబాటు లోడు ఎవరో నేను వాడికి చెప్పాను. వాడు పెసరట్టు గొంతులో అడ్డం పడి నవ్వాడు. "అత్తయ్యా, నీకు యూనిట్టుకి ఇంతని ఇప్పించమని మావయ్యకి చెబుతాను" అన్నాడు. మావారు పేపరు ఇంకొంచెం ఎత్తుకున్నారు.

మా పుట్టింటిది మెట్ట ప్రాంతం, బోరు వ్యవసాయం. మా చిన్నప్పుడు మోటారుకి కరెంటు సగం రోజులు రాత్రి వంతు. రాత్రి పదకొండుకో, రెండింటికో వచ్చేది. నాన్న టార్చిలైటు పట్టుకుని పొలం వెళ్ళేవారు. అమ్మ లాంతరు వత్తి తగ్గించి వరండాలో కూచునేది. మేం పడుకున్నామనుకునేది గాని, గేటు చప్పుడయ్యేదాకా నాకూ నిద్ర పట్టేది కాదు. మా వీధిలో ఇద్దరు అలా వెళ్ళి పాము కరిచి పోయారు. రాత్రే ఎందుకివ్వాలి అని అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు తెలిసింది. ఊళ్ళు నిద్రపోయాక కుంపటి ఊరికే మండుతుంటుంది గనక, ఆ నిప్పుమీద రైతు మోటారు పెట్టారు. ఆ కాలానికి అదీ లెక్క ప్రకారమే. లెక్కలో మా అమ్మ నిద్ర లేదు, అంతే. ఇప్పుడు ఆంధ్రలో వ్యవసాయానికి తొమ్మిది గంటలు పగలే ఇస్తున్నారు. ఎండ కరెంటు పెరిగాక ఇది మరీ కలిసొచ్చింది. నీళ్ళూ పగలే, నాన్నలూ పగలే. ఒక్కోసారి పొగ తగ్గే దారీ, మనిషి సుఖపడే దారీ ఒకటే అవుతాయి. ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుకి మాత్రం అలా కాలేదు చూడండి.

దాచుకునే పెద్ద ఏర్పాట్లు మనకీ ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టున భూమిలోపల 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అవి రెండువైపులా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళని పైకి తోడతాయి, కావలసినప్పుడు అవే నీళ్ళతో కరెంటిస్తాయి. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఏడున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పథకం తలపెట్టింది ఎండనీ గాలినీ ఇలా నీళ్ళలో దాచడానికే. అయితే తోడిపోసినప్పుడల్లా కొంత నష్టం తప్పదు, వంద పోస్తే డెబ్బయ్యో ఎనభయ్యో తిరిగొస్తుంది. అంచేత ఐసు లాగా పనినే జరపగలిగితే అది అన్నిటికంటె చవక అంటాడు మావాడు. కొండలు తవ్వక్కర్లేదు.

కాని వాడే ఇంకోమాట చెప్పాడు. ఇది నాకు బాగా నచ్చింది. గడియారం చూసి "పగలు మంచిది, సాయంత్రం చెడ్డది" అనుకుంటే చాలదుట. ఆషాఢంలో మబ్బు పట్టి రోజంతా ఎండ రాకపోతే, మధ్యాహ్నం చవక ధర ఉంటుంది గాని ఆ కరెంటు బొగ్గుదే. అదే ఆషాఢశ్రావణాల్లో అనంతపురం కొండలమీద గాలి హోరున వీస్తుంది, సాయంత్రమూ రాత్రీ కూడా. అప్పుడు రాత్రి కరెంటే శుభ్రం. ధరల పట్టికకి మబ్బు తెలియదు, గాలి తెలియదు. పావుగంట పావుగంటకీ ఎక్కడ ఎండుంది, ఎక్కడ గాలుంది అని చూసి, ఆ కబురు ఫ్యాక్టరీకి ముందే పంపి, "రేపు పదకొండు నుంచి మూడు దాకా తిప్పుకోండి" అని చెప్పగలిగితేనే అసలు పొదుపు. దానికి లెక్కలూ యంత్రాలూ కావాలి. ఎదటివాళ్ళు ఆ కబురు నమ్మాలి. మా అమ్మమ్మ అయితే చెయ్యి పెట్టి సెగ చూసేది.

మూడు నెలల తరవాత మా వదినగారు సొరుగులోంచి కాయితం తీసింది. ఆపరేటర్నీ, దిమ్మలు లాగే ఇద్దర్నీ కూచోబెట్టింది. మిగిలినదాంట్లో మూడోవంతు వాళ్ళ ముగ్గురికీ నెలనెలా, రాసి సంతకం పెట్టి ఇస్తానంది. భత్యం మాట మళ్ళీ ఎత్తవద్దంది. ఆపరేటరు ఒక రోజు ఆలోచించుకుని ఒప్పుకున్నాడు. మొదటి నెల మిగిలింది 17 వేలు కాదు, పదకొండు వేల చిల్లర. ఒక వారం పట్టుబడి ఎక్కువై సాయంత్రం కూడా మోటారు తిప్పాల్సి వచ్చింది. ఇంకో వారం తొట్టి ఒకపక్క చలవ కారిపోతోందని తేలింది. గోడలో ఊక ఎప్పుడో పదిహేనేళ్ళ కిందటిది, తడిసి ముద్దయిపోయిందిట.

ఇప్పుడు ఆవిడ పంచాంగం పక్కన ఇంకో డైరీ పెట్టింది. తిథి రాసి, పక్కన "ఎండ", "మబ్బు", "గాలి" అని రాస్తుంది, దాని పక్కన యూనిట్లు. వారానికోసారి కొడుక్కి ఫోన్ చేసి చదివి వినిపిస్తుంది. వాడు కొత్త కంప్రెసరు కొనమంటాడు, తక్కువ యూనిట్లు తింటుంది, రెండేళ్ళలో డబ్బొచ్చేస్తుంది అంటాడు. ఆవిడ ముందు గోడలో ఊక మార్చి చూద్దామంటుంది. దసరాకి వెళ్ళినప్పుడు నన్ను మధ్యవర్తిగా కూచోబెట్టారు. నేను ఇద్దరికీ కాఫీ పెట్టి, ఊక బస్తా ఎంతకొస్తోందో కనుక్కోమని మావారిని బజారుకి పంపాను.